పెనుకొండలో బండి ఆగింది, నరసప్ప ఆగలేదు

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టులో ముప్పై ఒక్క ఏళ్ళు వేలం పాట పిలిచిన నరసప్పకు మెల్లగా మాట్లాడడం రాదు. పెళ్ళయిన కొత్తలో ఒక వారం రోజులు ప్రయత్నించాడు. ఆ వారంలో ఆయన జయమ్మ చెవిలో చెప్పిన రహస్యాలన్నీ వీధి చివర మంగలి అంగడిలో అందరికీ తెలిసిపోయాయి. ఆ తర్వాత ఇద్దరూ రహస్యాలు మానుకున్నారు. మార్కెట్టులో ఆయన "లాటు నెంబరు నలభై ఏడు" అని కేక పెడితే లేపాక్షిలో రాతి నంది చెవి ఆడించిందని చెప్పుకునేవారు. అది శుద్ధ అబద్ధం. ఆడించింది తోక.

గోడ మీద ధరలు వెలిగే బోర్డులు వచ్చాక మార్కెట్టుకు ఆయన గొంతుతో పని తగ్గింది. ఆయనకూ అరవై దాటాయి. ఇక మిగిలింది పురాణం. వానలు వెనకపట్టిన ఏడాది, వాన పడాలని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నరసప్పను పిలిపించి పురాణం చదివించుకునేవారు. ఒకరు చదవాలి, ఇంకొకరు అర్థం చెప్పాలి. చదివేది నరసప్ప, అర్థం చెప్పేది జయమ్మ. జయమ్మకు అక్షరం ముక్క రాదు. వాళ్ళ నాయన అర్థం చెప్పడంలో పేరున్నవాడు. ఆయన పక్కన కూర్చుని విని నేర్చుకుంది. తాను చదివిందేమిటో నరసప్పకు కూడా చాలాసార్లు జయమ్మ చెప్పాకే తెలిసేది.

ఈ చదువుకు రెండు కట్టుబాట్లున్నాయి. ఒకటి, గొంతెత్తి రాగంతో చదవాలి. కళ్ళతో చదివితే చదివినట్టు కాదు. రెండు, ఏ ఇంట్లో మొదలుపెడితే ఆ ఇంట్లోనే ముగించాలి. మధ్యలో ఎక్కడెక్కడ తిరిగినా సరే, చివరి పేజీ మొదలైన చోటే చదవాలి. ఈ రెండింటినీ నరసప్ప ఎప్పుడూ తప్పలేదు. తప్పడం ఆయనకు చేతకాదు.

ఆ దంపతులకు ఒకే బిడ్డ. పుట్టినప్పుడు కొడుకని ఒక పేరు పెట్టారు. ఆ మనిషే ఆ పేరును వదిలేసింది కాబట్టి మనకూ దానితో పనిలేదు. ఇప్పుడు ఆమె పేరు ప్రమోద. వయసు ఇరవై ఏడు. బెంగుళూరులో చీరల డిజైన్లు కంప్యూటరు మీద గీసే ఉద్యోగం చేసేది. తాను మగపిల్లాణ్ణి కాదని, ఏ రోజూ కాదని, నాలుగేళ్ళ కిందట ఫోనులో చెప్పింది. నరసప్ప ఫోను పాడైందన్నాడు. ఆ ఒక్క నెంబరుకు మాత్రం ఆ ఫోను రెండేళ్ళు పాడయ్యే ఉండింది.

పోయిన ఏడు దసరా ముందు ఒక మధ్యాహ్నం ఆమె చుడీదారు వేసుకుని హిందూపురం బస్టాండులో దిగింది. వీధి మొదట్లోకి వచ్చి ఫోను చేసింది.

"నాయనా, వస్తాండా."

నరసప్ప గడపలో నిలబడి వీధిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. తర్వాత, జీవితంలో మొదటిసారి, ఎవరికీ వినపడకుండా మాట్లాడాడు.

"ఇప్పుడొద్దు. చీకటి పడినాక రా. తెల్లారకముందే పోదువులే."

ఆమె రాలేదు. సంచిలోంచి ఒక పుస్తకం తీసి, వీధి మొదట్లో ఉన్న అంగడిలో "మా అమ్మకియ్యన్నా" అని ఇచ్చి, తిరిగి బస్సెక్కింది.

అది ట్రాన్స్‌జెండర్ పిల్లలున్న తల్లిదండ్రుల కోసం అలాంటి తల్లిదండ్రులే రాసిన తెలుగు పుస్తకం. నూట ఇరవై పేజీలు. అది అయిదు నెలలు బియ్యం డ్రమ్ము మూత మీద ఉంది. జయమ్మ రోజూ దాన్ని తీసి, కొంగుతో తుడిచి, బియ్యం తీసుకుని, మళ్ళీ మూత మీద పెట్టేది. ఆమెకు చదవడం రాదు. చదవడం వచ్చినవాడు ఆ డ్రమ్ము వైపు పోయేవాడు కాదు.

మాఘమాసంలో ప్రమోద తల్లికి ఫోను చేసింది.

"అమ్మా, ధర్మవరంలో పని దొరికిండాది. చీరల డిజైన్ల పనే. వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున బండికి పోతాండా. హిందూపురంలో రెండు నిమిషాలు నిలుస్తుంది. నాయన ఆ పుస్తకం చదివి, నన్ను చూడల్లనిపిస్తే ప్లాట్‌ఫారం మీదికి రాండి. రాకుంటే నేను దిగను. ఇంగెప్పుడూ అడగను కూడా."

జయమ్మ ఆ మాటను ఒక్క అక్షరం తేడా లేకుండా నరసప్పకు అప్పజెప్పింది. సాయంత్రం దీపం పెట్టి, పీట వేసి, పుస్తకం ముందర పెట్టింది.

"చదువు."

"కండ్లతో చదువుకుంటాలేవే."

"నీకు కండ్లతో చదివేది యాడ వచ్చును?"

తలుపు మూశారు. కిటికీ మూశారు. నరసప్ప పెదవులు బిగించి మొదటి వాక్యం చూశాడు. రెండో వాక్యానికి పెదవులు కదిలాయి. మూడో వాక్యానికి ముక్కులోంచి ఒక రాగం మొదలైంది. పేజీ తిప్పేసరికి పక్కింటి చెన్నప్ప కాళ్ళు కడుక్కుని తలుపు తట్టి, లోపలికొచ్చి గోడకు చేరగిలబడ్డాడు.

"ఏమప్పా నరసప్పా, వానకేనా?"

నరసప్ప పుస్తకం తిరగేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ... వానకే."

"మాఘమాసంలోనా?"

"ముందే చదివితే మంచిది కదప్పా."

ఆ రాత్రి, ఒక్క మబ్బు తునక లేని ఆకాశం నుంచి, పావుగంట వాన కురిసింది. తన ఇంటి ముందర రెండు చెంబులు ఎక్కువ కురిసిందని చెన్నప్ప ఇప్పటికీ అంటాడు. మర్నాడు సాయంత్రానికి పదకొండు మంది చాపలు చంకన పెట్టుకుని వచ్చారు. ఒకరు టెంకాయ తెచ్చారు. నరసప్ప పాత పురాణమొకటి తీసి వాళ్ళకు చదవాల్సి వచ్చింది. ఇక ఆ ఇంట్లో ఆ పుస్తకం తెరిచే వీలు లేకపోయింది.

ఉపాయం జయమ్మది.

"బండిలో చదువుదాం. ఆ చప్పుడులో నీ గొంతు ఎవురికి ఇనపడుతుంది?"

బెంగుళూరు నుంచి ధర్మవరం పోయే ప్యాసింజరు పొద్దున హిందూపురం వస్తుంది. ప్రతి స్టేషనులోనూ ఆగుతుంది, ఆగాల్సిన అవసరం లేని చోట కూడా ఆగుతుంది. నరసప్ప పుస్తకానికి కదిరి నరసింహస్వామి బొమ్మ ఉన్న క్యాలెండరు కాగితంతో అట్ట వేశాడు. మంగళవారం, శనివారం ఇద్దరూ టికెట్లు తీసుకుని కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చునేవారు. ధర్మవరం దాకా చదివి, ప్లాట్‌ఫారం మీద చిత్రాన్నం తిని, తిరుగు బండిలో ఇంటికి వచ్చేవారు. వీధిలో అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పికి మందు అని చెప్పారు. చెన్నప్ప తనకూ ఒక సీసా తెమ్మన్నాడు. నరసప్ప నువ్వుల నూనెలో కర్పూరం కలిపి ఇచ్చాడు. పన్నెండేళ్ళుగా వంగని మోకాలు పన్నెండు రోజుల్లో వంగింది. అప్పటినుంచి దాన్ని నిటారుగా చాచడమే కష్టంగా ఉందట.

బండి కదలగానే నరసప్ప ఒక పేరా చదివేవాడు.

"తప్పు మన పెంపకంలో ఎక్కడ జరిగిందా అని మేము ఏడాది పాటు వెతికాం. జరిగింది తప్పు కానప్పుడు ఎంత వెతికినా ఎలా దొరుకుతుంది?"

చదివి ఆగేవాడు. జయమ్మ తల ఊపి అర్థం చెప్పేది.

"అంటే, కడుపుతో ఉన్నప్పుడు నేను గ్రహణం చూసినందుకే పాప నడక అట్లుందని మీ అక్క ఇరవై ఏండ్లు అంటా వచ్చింది చూడు, అది కాదంట. నువ్వు కొట్టినందుకు కాదంట, నేను ముద్దు చేసినందుకూ కాదంట. చదువు."

"బిడ్డ మారిపోలేదు. తానెవరో మీకు చెప్పే ధైర్యం వచ్చింది."

"అంటే, మనింట్లో ఇరవై మూడేండ్లు ఒక ఆడపిల్ల ఉన్నింది. మనకే తెల్లేదు. చదువు."

"ఇదేం అర్థమే, ఇంత సులభంగా చెప్తాండావు?"

"సులభంగానే రాసినారు కదయ్యా. దానికి రాగం ఎత్తి కష్టం చేస్తాండేది నువ్వే."

అయిదో ప్రయాణంలో అది జరిగింది. పెనుకొండలో ఎదురు బండికి దారివ్వడానికి ప్యాసింజరును లూపు లైనులోకి తీసుకున్నారు. బండి ఆగింది. చక్రాల చప్పుడు ఆగింది. పెట్టెలో ఫ్యాను కూడా ఆగింది. పుస్తకంలో తల దూర్చిన నరసప్ప ఒక్కడు ఆగలేదు. పెనుకొండ కోట దాకా వినిపించే రాగంలో ఆయన చదివాడు:

"నేను కొడుకనుకున్న బిడ్డ నా కూతురని ఒప్పుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది."

పెట్టెలో డెబ్భై మంది తల తిప్పారు. జామకాయల గంపతో అప్పుడే ఎక్కిన మునెమ్మ, గంప కింద పెట్టకుండానే అడిగింది.

"ఎవురి కూతురప్పా?"

ఆ బండిలో మునెమ్మకు తెలియని మనిషి ఉండడు. ఆమెకు తెలిస్తే సాయంత్రానికి హిందూపురానికి తెలుస్తుంది. నరసప్ప పుస్తకాన్ని ఎత్తి చూపించాడు.

"పుస్తకంలోదిలే మునెమ్మా. యాడనో... ఎవురో... వాళ్ళ కూతురు. మాకేం సంబంధం లేదు."

"అట్లనా. నువ్వు చదివితే ఇంటి సంగతి మాదిరే ఉన్నింది." మునెమ్మ గంప దించుకుంది.

ఎదురు బండి పోయింది. ప్యాసింజరు కదిలింది. నరసప్ప తర్వాతి పేరా చదివి ఆగాడు. జయమ్మ కిటికీలోంచి బయటకు చూస్తోంది.

"అర్థం చెప్పవేమే?"

"నువ్వే చెప్పుకో."

"నాకెట్ల వచ్చును?"

"సంబంధం లేదని చెప్పేదానికి వచ్చె కదా. అట్లనే ఇదీ వస్తుంది."

ఆ రోజే కాదు, తర్వాత కూడా ఆమె అర్థం చెప్పలేదు. ఇంట్లో అన్నం పెట్టింది, నీళ్ళు తోడింది, బండెక్కి ఎదురుగా కూర్చుంది. నరసప్ప చదివి ఆగితే కిటికీ వైపు తిరిగేది. నలభై ఏళ్ళుగా చదవడమే తప్ప అర్థం చెప్పి ఎరగని మనిషి, ఆ చప్పుడులో ఒక్కడే పేరా చదువుకుని, ఒక్కడే ఆగి, తనకు తానే "అంటే..." అనుకోవడం మొదలుపెట్టాడు. మొదట్లో 'అంటే' తర్వాత ఏమీ వచ్చేది కాదు.

తొంభై ఆరో పేజీలో ఇలా ఉంది: "గొంతు మారే వయసులో మా బిడ్డ మాట్లాడడమే మానేసింది. మేము మొండితనం అనుకున్నాం. తన నోట్లోంచి వచ్చే మాట తనది కాదనిపించి భయపడిందని పదేళ్ళ తర్వాత తెలిసింది."

నరసప్ప ఆగాడు. జయమ్మ కిటికీ వైపు చూస్తోంది.

"అంటే," అన్నాడు నరసప్ప. ఒక స్టేషను వచ్చి పోయింది.

"పద్నాలుగో ఏట మనోడి... మన పాప గొంతు మారింది చూడు. నా గొంతు వచ్చిందని నేను మార్కెట్టంతా బెల్లం పంచితి. పిలుచుకోని పోయి, బల్ల మీద ఎక్కించి, అందరి ముందర లాటు పిలిపిస్తి. ఒక్కటే లాటు. గట్టిగా పిలువు, ఇంగా గట్టిగా అంటి. పిలిచినాడు... పిలిచింది. అందరూ చప్పట్లు కొట్టినారు. ఆ పొద్దునుంచి మూడు నెలలు ఇంట్లో నోరు తెరవలేదు. నేను మిరియాల కషాయం పోస్తి. గొంతు ఇంగా బాగా ముదరల్లని."

జయమ్మ తల తిప్పి ఆయనను చూసింది. ఆ మధ్యాహ్నం ధర్మవరం ప్లాట్‌ఫారం మీద చిత్రాన్నంలోని వేరుశనక్కాయ గింజలన్నీ ఏరి ఆయన ఆకులో వేసింది.

తర్వాత రెండు ప్రయాణాలు పెళ్ళిళ్ళకు, జ్వరానికి పోయాయి. రెండో ఆదివారం వచ్చేసరికి నూటో పేజీ దగ్గర ఉన్నారు.

ఆ పొద్దున నరసప్ప మూడు గంటలకే లేచి, నాలుగింటికే చొక్కా వేసుకుని, అయిదు నుంచి గడప మీద కూర్చున్నాడు. స్టేషనుకు బండికంటే గంటన్నర ముందు చేరారు. చెన్నప్ప దారిలో కనిపించి "ఆదివారం కూడా మందేనా?" అన్నాడు. "ఈ పొద్దుతో అయిపోతాదిలే" అన్నాడు నరసప్ప.

బండి వచ్చింది. మూడో పెట్టె కిటికీలో ప్రమోద కూర్చుని ఉంది. ఆకుపచ్చ చుడీదారు, జడ, ఒళ్ళో ల్యాప్‌టాప్ సంచి. తల్లిదండ్రులను చూసి లేచి, పైనున్న సూట్‌కేసు దించడానికి చెయ్యి ఎత్తింది.

"దిగల్లనా?"

"వద్దు వద్దు. మేమే ఎక్కుతాం. టికెట్లు తీసినాం."

ఎక్కి ఎదురుగా కూర్చున్నారు. రెండు నిమిషాలు అయిపోయాయి, బండి కదిలింది. ముందుగా ప్రమోదే అంది.

"ఇంగా పొద్దే కదా నాయనా. చీకటి పడినాక రమ్మంటివి?"

నరసప్ప ఆ మాటను మింగాడు. అది మింగాల్సిందేనని ఆయనకు తెలుసు. సంచిలోంచి పుస్తకం తీశాడు. అట్ట మీద కదిరి నరసింహస్వామిని చూసి ప్రమోద కనుబొమలెత్తింది.

"ఇంగా ఇరవై పేజీలు ఉండాది," అన్నాడు ఆయన. "మీ అమ్మ అర్థం చెప్పేది నిలిపేసిండాది."

"నేను చెప్పను," అంది జయమ్మ. "పాప చెప్తుంది."

అలా మొదలైంది. నరసప్ప ఒక పేరా చదివేవాడు, ప్రమోద అర్థం చెప్పేది. పుస్తకంలో లేనివి కూడా చెప్పింది. బెంగుళూరులో ఇల్లు అద్దెకు దొరకని మూడు నెలలు, డాక్టరు దగ్గరికి ఒంటరిగా పోయిన రోజు, ఆధార్ కార్డులో పేరు మారినప్పుడు ఆఫీసులో ఒకావిడ మైసూరుపాకు తెచ్చిన సంగతి. తనదనిపించే గొంతుతో మాట్లాడడం కూడా నేర్చుకున్నానంది. ఒక మేడమ్ దగ్గర ఎనిమిది నెలలు, వారానికి రెండు రోజులు. నరసప్ప మధ్యలో అడ్డు రాలేదు. ఆయనకు అది మొదటిసారి.

పెనుకొండలో బండి ఆగింది. ఫ్యాను ఆగింది. మునెమ్మ గంపతో ఎక్కింది.

"ఏమప్పా నరసప్పా, ఆ పుస్తకంలో కూతురు సంగతి ఏమాయె?"

నరసప్ప పేజీలో వేలు పెట్టి పుస్తకం మూశాడు. లేచి నిలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్ళు బల్ల ఎక్కి పిలిచిన గొంతు ఆ రోజు బల్ల లేకుండానే సరిపోయింది.

"పుస్తకంలోది కాదు మునెమ్మా. ఆ పొద్దు అబద్ధం చెప్తి. నా కూతురే. ఇదో, ప్రమోద. ధర్మవరంలో చీరలు గీసే పనికి పోతాంది."

పక్క పట్టాల మీద పోతున్న గూడ్సు బండి డ్రైవరు తనను పిలిచారనుకుని బ్రేకు వేశాడని చెబుతారు. అది ఎంతవరకు నిజమో రైల్వేవాళ్ళను అడగాలి. పెట్టెలో మాత్రం ఎదురుగా కూర్చున్న ఒకాయన సంచి తీసుకుని దూరంగా పోయి కూర్చున్నాడు. ఆ ఖాళీలో మునెమ్మ కూలబడి, ప్రమోదను నింపాదిగా పైనుంచి కింది దాకా చూసింది.

"ఏమ్మా, ఎంతిస్తారు జీతం?"

"ఇరవై ఎనిమిది వేలు అవ్వా."

ఆ గొంతు విని మునెమ్మ నరసప్ప వైపు తిరిగింది.

"కండ్లు నీవేనప్పా. గొంతు మాత్రం దేవుడు కాపాడినాడు."

ప్రమోద పగలబడి నవ్వింది. జయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నరసప్ప కూర్చుని పుస్తకం తెరిచాడు. అక్షరాలు కాసేపు కనిపించలేదు. ఆయన కళ్ళద్దాల మీద నెపం పెట్టి వాటిని మూడుసార్లు తుడిచాడు. మునెమ్మ గంపలోంచి పెద్ద జామకాయ తీసి ప్రమోద చేతిలో పెట్టింది. డబ్బు తీసుకోలేదు. ఆ లైనులో అదొక్కటే నమ్మశక్యం కాని విషయం.

హిందూపురం నుంచి పెనుకొండకు పది పేజీలు చదివిన మనిషి, అక్కణ్ణుంచి ధర్మవరానికి ఎనిమిదే చదివాడు. ప్రతి మాటకూ రాగం తీశాడు. కళ్ళద్దాలు తుడిచాడు. రెండుసార్లు మంచినీళ్ళు తాగాడు. జయమ్మ ఇదంతా గమనిస్తూనే ఉంది. ధర్మవరం ప్లాట్‌ఫారం కనిపించేసరికి రెండు పేజీలు మిగిలాయి.

"రెండే కదా నాయనా, చదివేయి. దిగినాకైనా సరే."

"కాదు పాపా. మన పద్ధతి తెలుసు కదా. యాడ మొదలుపెట్టినామో ఆడనే ముగించల్ల. మొదలుపెట్టింది ఇంట్లో, దీపం ముందర. నువ్వు వచ్చి అర్థం చెప్పల్ల. వచ్చే ఆదివారం రా."

ప్రమోద సూట్‌కేసు దించుకుంటూ ఆగింది.

"ఎన్ని గంటలకు?"

"పగలు. పన్నెండుకు రా. ఎండ బాగా ఉండల్ల."

"చెన్నప్ప మామ వస్తాడేమో."

"చాప తెచ్చుకోమంటా."

ఆ ఆదివారం చెన్నప్పతో కలిపి పదకొండు మంది చాపలతో వచ్చి కూర్చున్నారు. ముందుగా వాళ్ళకు సంగతి చెప్పే పని నరసప్పే చేశాడు. ఆయన చెప్పాక ముగ్గురు చాపలు చుట్టుకుని లేచిపోయారు, ఎనిమిది మంది ఉన్నారు. చెన్నప్ప మోకాలు చాచుకోలేక ఉన్నాడా, ఉండాలనే ఉన్నాడా అన్నది తేలలేదు. కిటికీలు రెండూ తెరిచే ఉన్నాయి.

వాన కురిసిందా అంటే, కురవలేదు. ఈ ఒక్క విషయంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఎండ మండిపోయింది. ఆ ఎండలో ప్రమోద వీధి మొదటినుంచి ఇంటి దాకా నడుచుకుంటూ వచ్చింది.